రెండడుగుల గోడ

నాచారం చౌరస్తాలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన్ని చూశాను. కోటు, టై, వెనకాల నీలం తెర. పైన 'కన్నీటి నివాళి' అని ఎర్రటి అక్షరాలు. కింద వరసగా గల్లీ లీడర్ల ఫొటోలు, ఒక్కొక్కటీ పోయినాయన ఫొటో కంటే పెద్దది. నా ఆటో సిగ్నల్ దగ్గర ఆగకపోతే గుర్తుపట్టేదాన్నే కాదు. ఏడేళ్లు ఒకే షెడ్డులో పనిచేశాం. ఆయన కోటు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. పేరు కూడా అప్పుడే చదివినట్టయింది. కాగితాల మీద నేనే చాలాసార్లు టైపు చేసి ఉంటాను గానీ గుర్తు లేదు. మా అందరికీ ఆయన మేస్త్రి. ఫ్లెక్సీ మీది పేరు ఎవరో పరాయి మనిషిదిలా ఉంది, అందుకే ఇక్కడ రాయడం లేదు.

"దిగుతరా మేడం?" అన్నాడు ఆటో అతను, నేను మెడ చాచి చూస్తుంటే.

"వద్దు, పోనీయ్ బాబూ" అన్నాను. ఏడుపు రాలేదు. నీరసం వచ్చింది. ఇంటికెళ్లి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాను.

మా షెడ్డు నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో, మూతపడ్డ ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనకాల ఉండేది. గల్ఫ్ పోయే కూలీలకు అక్కడ పని పరీక్ష పెట్టేవారు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా మనవాళ్లకు అన్నీ దుబాయే. జనగామ, వరంగల్ వైపు నుంచి పొద్దున బస్సుల్లో ఉప్పల్‌లో దిగి, షేర్ ఆటోలు పట్టుకుని వచ్చేవాళ్లు. వెల్డర్లకు ఒక మూల, ప్లంబర్లకు ఒక మూల, తాపీ పనివాళ్లకు మధ్యలో నేల. తాపీ పరీక్ష ఎప్పుడూ ఒకటే. రెండు గంటల్లో మూల తిరిగే గోడ కట్టాలి, రెండడుగుల ఎత్తు. నిలువు సరిగ్గా ఉంటే కాగితం మీద 'మేసన్' అని పడుతుంది. లేకపోతే 'హెల్పర్'. మేసన్ అక్కడ నిలబడి కడతాడు, హెల్పర్ అతనికి మోసి పెడతాడు. జీతం సగం, ఎండ రెట్టింపు. ఆ మాట టైపు చేసే ఉద్యోగం నాది, పరీక్ష చూసి సంతకం పెట్టే ఉద్యోగం మేస్త్రిది.

గోడలు సిమెంటుతో కట్టించేవాళ్లు కాదు. సాయంత్రానికి విప్పేయాలి, అవే ఇటుకలు మర్నాటికి కావాలి. అందుకని మట్టే మాలు. చూడ్డానికి వచ్చిన కొత్తవాళ్లు గోడను కాలితో తన్ని పడగొట్టబోతే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. తనే కూర్చుని, పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీసి, తాపీతో మట్టి గీకి, పక్కన పేర్చేవాడు. పన్నెండు గోడలుంటే పన్నెండూ అలాగే. "తన్నేటోడికి కట్టుడు రాదు బిడ్డా" అనేవాడు. నేను బ్యాగు భుజాన వేసుకుని ఆయన కోసం ఎదురుచూస్తూ, మెట్రోలో సీటు దొరకదని లోలోపల తిట్టుకునేదాన్ని. తాళం ఇద్దరం కలిసి వెయ్యాలని రూలు మరి.

పొట్టి మనిషి. ఎడమ కన్ను సగం మూసుకునే ఉండేది. గోడల నిలువు చూసీ చూసీ అలా అయిపోయిందనేవాడు. మనుషుల్నీ ఆ కంటితోనే చూసేవాడు. చేరిన మొదటిరోజు నావైపు అలా చూస్తే ఒళ్లు మండిపోయింది. తీరా చూస్తే ఆయన చూస్తున్నది నన్ను కాదు.

"బిడ్డా, నువ్వు జర పక్కకు జరుగు. నీ ఎన్క దర్వాజ వంకర ఉన్నట్టున్నది."

పెళ్లికి పిలిచినా, దవాఖానాకు తీసుకెళ్లినా ముందు గోడ మీద అరచెయ్యి పెట్టేవాడు. నాగోల్‌లో మేము ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, భోంచేసి, గది గదికీ తిరిగి, గోడల్ని తట్టి, పోయేముందు గుమ్మం దగ్గర నాతో అన్నాడు. "పిల్లర్లు మంచిగున్నయి. గోడలు ఒడిశా పిల్లలు కట్టిన్రు. మంచి పిల్లలే, జర తొందర చేసిన్రు పాపం."

"ఒడిశావాళ్లని మీకెలా తెలుసు మేస్త్రి గారూ?"

"ఎవని చెయ్యి వానికుంటది. నీకు చేతిరాత తెల్వదా, గట్లనే."

పరీక్షకొచ్చిన ప్రతి మనిషినీ ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు. కాగితంలో లేని ప్రశ్న. "మీ ఇంటి గోడ ఎవరు కట్టిన్రు?" తాపీ పట్టి బతికేవాళ్లే, అయినా ఒక్కడూ నేను కట్టానని అనేవాడు కాదు. ఒడిశోళ్లనీ, బీహారోళ్లనీ, ఏమో కాకా నేనప్పుడు దుబాయ్‌ల ఉన్ననీ చెప్పేవాళ్లు. మేస్త్రి కిసుక్కున నవ్వేవాడు. తను పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఎవరెవరికో మేడలు కట్టి పంపిన పైసలతో నాచారం పాత ఊళ్లో లేచిన ఆయన ఇల్లు కూడా అంతే. హాలు గోడ అరంగుళం బయటికి వాలిందట. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చి గడపలో నిలబడగానే అదే కనబడిందట, పెళ్లాం పిల్లలు కాదు.

నన్ను ఆటపట్టించడమంటే మహా సరదా.

"నీది ఏ ఊరు బిడ్డా?"

"తెనాలి దగ్గరని చెప్పాగా, ఎన్నిసార్లు అడుగుతారు?"

"మరి గీడికెందుకొచ్చినవ్?"

"మా ఆయన ఉద్యోగం ఇక్కడ."

"నువ్వొస్తే సెటిలరు, నేను పోతే లేబరు. మంచిగున్నది ముచ్చట."

అప్పుడు చురుక్కుమనేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేం కనబడదు. మేము సామాన్ల లారీతో వచ్చి ఫ్లాటు కొనుక్కున్నాం, మమ్మల్ని వలసవచ్చారని ఎవరూ అనలేదు. ఆ మాట తట్ట నెత్తికెత్తుకున్నవాళ్లకే అట్టిపెట్టారు.

భోజనాల దగ్గర గల్ఫ్ కబుర్లు చెప్పేవాడు. మేడలు, కార్లు, బంగారం ఊసే ఉండేది కాదు. టోపీల సంగతి చెప్పేవాడు. సైటు మీద ఒక్కో రకం మనిషికి ఒక్కో రంగు టోపీ అట, రంగు చూసి సలాం కొట్టాలట. "ఒకనాడు ఇద్దరు వచ్చిన్రు బిడ్డా. ఒక్కటే టేపు, ఈ కొస ఒకాయన పట్టిండు, ఆ కొస ఒకాయన పట్టిండు. ఒక్కటే గోడ కొలిచిన్రు. పని అయినంక ఒకాయన ఏసీ కారెక్కి పోయిండు. ఒకాయన మాతోని వచ్చి పన్నెండు మంది పండుకునే రూంల పదమూడోవాడైండు. ఏందీ కథ అంటే, పాసుపోర్టు వేరంట. టేపుకు తెల్వదు గదా ఎవరిది ఏ దేశమో."

టీవీలో ఎవరో పెద్దమనిషి అభివృద్ధి అంటే చాలు, "ఏడ?" అని అడిగేవాడు, టీవీనే. మావైపు తిరిగి, "పైసలు ఒక్కచోట కుప్ప పడ్తయి. గాడ కట్టుడు మొదలైతది. కట్టేటోడు మాత్రం పైసలు పడని ఊరికెంచి రావాలె. నేను పద్నాలుగేండ్లు సూసిన, ఇంతకన్న ఏం లేదు" అనేవాడు. పేపర్లలో ఈ విషయం మీద పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను. వాటిలో నాకు తెలియని మాటలు చాలా ఉన్నాయి గానీ, ఆయన చెప్పినదానికి మించింది పెద్దగా కనబడలేదు.

ఇక అసలు సంగతి. ఇది చెప్పాలంటే నాకు ఇష్టంగా లేదు. ఇందులో నా చెయ్యీ ఉంది.

ఒక ఎండాకాలం మా ఓనరు పరుగున వచ్చాడు. ఒక కంపెనీకి ఎనభై మంది మేసన్లు కావాలి, వారంలో ఇంజనీరు వచ్చి చూసుకుంటాడు. నిజంగా పని వచ్చినవాళ్లు యాభై మంది దొరికారు. మిగతా ముప్ఫై మంది రైతులు, హమాలీలు, ఒక మంగలాయన, ఒక ఆటో డ్రైవరు. తాపీ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. వాళ్లలో ఉప్పల్ అవతలి నారపల్లి మనిషి ఒకడున్నాడు. పొలం ప్లాట్లయిపోయింది, వచ్చిన డబ్బు నలుగురన్నదమ్ముల మధ్య పలచబడిపోయింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. నాగలి తప్ప ఏదీ పట్టని చేతులు వెనక్కి కట్టుకుని, ఇటుకల కుప్ప వైపు దేవుడి గుడిలోకి చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి కుదరదన్నాడు. "పని రానోన్ని మేసనని ఎట్ల రాస్త? నా చెయ్యి కాదా అది?"

మనం కాదంటే ఇంకో ఊరి సెంటరు వాళ్లు పంపుతారన్నాడు ఓనరు. దానికి మేస్త్రి మెత్తబడలేదు. నారపల్లి మనిషి దగ్గరికొచ్చి, "హెల్పర్ అని రాయకు మేస్త్రీ. మోసుడైతే ఈడనే మోస్త గదా, గంత దూరం పోవుడెందుకు" అన్నాడు. దానికి మెత్తబడ్డాడు.

ఆరు రోజులు. వాళ్లకు తాపీ పని నేర్పడానికి ఆరు రోజులు చాలవని ఆయనకు తెలుసు. ఒక్క గోడ నేర్పడానికి చాలు. ఆ రెండడుగుల మూల గోడే. మొదటి వరసకు ఎన్ని ఇటుకలు, మూల దగ్గర ఏ ఇటుక ఎలా తిప్పాలి, ఎన్నో వరసకు గుండు వేలాడదీసి చూడాలి, అన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టించాడు. నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ కూడా వరసలు గొణుక్కునేవాళ్లు. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. ఏడో రోజు ఇంజనీరు వచ్చాడు. కేరళ నుంచి పోయినవాడే, చొక్కా మాత్రం మడత నలగలేదు. మట్టం పెట్టి చూసుకుంటూ వరసన నడిచాడు. ముప్ఫైకి ముప్ఫై పాస్. మేస్త్రి అన్నిటి మీదా గబగబా సంతకాలు పెట్టాడు. నేను మేసన్, మేసన్ అని ముప్ఫైసార్లు కొట్టాను. ఓనరు మిర్చి బజ్జీలు తెప్పిస్తే అందరితోపాటు నేనూ తిన్నాను.

నెలన్నర తర్వాత మేస్త్రికి ఫోనొచ్చింది. చెవి సరిగ్గా వినబడదు గనుక ఎప్పుడూ స్పీకరు పెట్టేవాడు. నారపల్లి మనిషి గొంతు షెడ్డంతా వినబడింది.

"మేస్త్రీ, ఈడ ఇటుకలే లెవ్వు."

"ఏందిరా?"

"అన్నీ సిమెంటు బ్లాకులే. ఒక్కొక్కటి గింత లావు. మాలు కూడ మట్టి గాదు, సిమెంటు. నేను నువ్వు చెప్పినట్టు మెల్లగ సర్దుకునేవరకు గట్టిపడ్డది. ఫోర్‌మాన్ నవ్విండు. నాకు ఒక గోడ వచ్చు, కట్టి సూపిస్త అన్న. గసోంటి గోడ ఈడ ఎవ్వనికి అక్కర్లేదంట."

ముప్ఫై మందినీ హెల్పర్లలో వేశారని, మెట్ల మీదుగా బ్లాకులు మోస్తున్నామని అతను చెప్పాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మేస్త్రి చివరికి "తిన్నవా?" అని అడిగి పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బా విప్పలేదు.

"నేను వాళ్లకు గోడ నేర్పలే బిడ్డా. గోడ లెక్క కనబడేటిది నేర్పిన."

"మీరొక్కరే కాదు కదా" అన్నాను.

"నువ్వు కొట్టినవ్, నేను చెప్తేనే గదా కొట్టినవ్" అన్నాడు. అంత మాత్రం ఓదార్పు చాలని ఆ రోజు సరిపెట్టుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఆయన మల్లాపూర్ నుంచి ఒక ట్రాలీ సిమెంటు బ్లాకులు వేయించుకొచ్చాడు. అక్కడ వాళ్లకు శుక్రవారం సెలవు. మనకు పది గంటలంటే వాళ్లకు ఏడున్నరో ఎనిమిదిన్నరో. నా చేతికి తన ఫోనిచ్చి, వీడియో పెట్టి పట్టుకోమన్నాడు. తెరలో ఆ ముప్ఫై మందిలో పదిహేడు మంది మొహాలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. మేస్త్రి తుండు నడుముకు చుట్టి, మాలు కలిపి, మొదటి బ్లాకు పెట్టాడు. "సూడున్రి. సిమెంటు మనకోసం ఆగదు. ఇటుకతోని ముచ్చట పెట్టినట్టు బ్లాకుతోని పెట్టద్దు. ఎయ్యాలె, నూకాలె, కొట్టాలె, ఇడవాలె."

ఓనరు ఇదేం పిచ్చి అని గొణిగాడు. మేస్త్రి వినబడనట్టు ఊరుకున్నాడు. చెవుడు అలాంటప్పుడు బాగా పనికొచ్చేది.

పదిహేడు మంది మరో వారానికి తొమ్మిదయ్యారు. వారమంతా మోసినవాళ్లు ఉన్న ఒక్క సెలవునాడు లేవలేకపోయారు. కొందరు ఓవర్‌టైముకు పోయారు, ఇద్దరు కంపెనీ వదిలి ఎటో వెళ్లిపోయారు. వానాకాలం వచ్చేసరికి తెరలో నారపల్లి మనిషి ఒక్కడే మిగిలాడు. క్యాంపు వెనకాల పారేసిన విరిగిన బ్లాకులు, ఊడ్చిన ఇసుక, అడుక్కొచ్చిన చారెడు సిమెంటు. ఫోను ఒక బకెట్టుకు ఆనించి పెట్టుకుని కట్టేవాడు. ఇక్కడి నుంచి మేస్త్రి అరిచేవాడు, దగ్గేవాడు, మళ్లీ అరిచేవాడు. ఊపిరితిత్తుల్లో సిమెంటు దుమ్ము చేరిందని డాక్టరు చెప్పాడట. బయట గోడ కడుతుంటే లోపల కూడా ఒకటి లేచిందని నాతో నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఒక శుక్రవారం అతను నాలుగు బ్లాకులు పెట్టి, అయిదోది ఎత్తబోయి, ఆ గోడకే వీపు ఆనించి నిద్రపోయాడు. నోరు తెరుచుకుంది. ఈగ ఒకటి పెదవి మీద వాలినా కదల్లేదు. నేను ఫోను కట్ చేయబోయాను.

"ఉండనీ బిడ్డా. పండనీ."

అరగంట అలా చూస్తూ కూర్చున్నాం, ఏదో పరాయి దేశపు ఎండలో నిద్రపోతున్న ఒక నారపల్లి రైతుని. నా చెయ్యి లాగుతుంటే ఫోను ఇంకో చేతికి మార్చుకున్నాను. మేస్త్రి ఆ సగం కన్ను కూడా మూసుకోలేదు.

రెండేళ్లు గడిచి అతను తిరిగొచ్చాడు. వచ్చిన నెలకు గానీ షెడ్డుకు రాలేదు. గేటులో అతన్ని చూడగానే మేస్త్రి లేచి, నీళ్ల డ్రమ్ముల వెనక్కి పోయి నిలబడ్డాడు. అంత వయసు మనిషి. నేనే పోయి పిలుచుకొచ్చాను. అతను సన్నబడ్డాడు, నల్లబడ్డాడు. కుశలం అడగలేదు.

"బ్లాకులున్నయా మేస్త్రీ?"

నాలుగడుగుల గోడ కట్టాడు, మధ్యలో కిటికీ జాగా వదిలి, సిమెంటుతో. వెల్డర్లు, ప్లంబర్లు పనులాపి చుట్టూ చేరారు. మేస్త్రి కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. అయిపోయాక వచ్చి అరచెయ్యి పెట్టాడు, గుండు వేలాడదీశాడు, మూల మూలా తడిమాడు. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునన్నట్టు వెతికాడు. దొరకలేదు.

"శాబాష్‌రా" అన్నాడు. ఆయన మొహం అంత వెలగడం నేను చూడలేదు. "ఇగ ఏడికి పోకు. పని వచ్చింది నీకు. ఉప్పల్‌ల యాడ జూసినా కట్టుడే నడుస్తున్నది. పొద్దుగాల పోయి పొద్దుమూకి ఇంటికొచ్చి ఇంత తిని పండుకో. పిల్లల మొకం సూడు."

అతను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"పోయిన మేస్త్రీ. ఇరవై రోజులు ఉప్పల్ లేబర్ అడ్డా మీద నిలబడ్డ. సైట్లల్ల తిరిగిన. కట్టి సూపిచ్చిన. పని మంచిగున్నదన్నరు. ఇల్లు ఏడ అనడిగిన్రు. నారపల్లి అన్న. అయితే వద్దన్నరు."

"ఎందుకురా?"

"ఇల్లు దగ్గరున్నోడు పనికిరాడంట. పొద్దుమూకంగనే ఇంటికి పోతడంట, పండుగకు పోతడంట, ఎవరన్న సస్తే పోతడంట. ఒడిశోళ్లయితే సైటు మీదనే పండుకుంటరు. ఏం జేసినా ఏడికీ పోలేరు. గసోంటోడే కావాలంట." కట్టిన గోడ వైపు చూసి, "ఆడ నేను గసోంటోన్నే గద మేస్త్రీ. గందుకే మల్ల పోత. ఈసారి మేసనని నిజంగ రాయి" అన్నాడు.

మేస్త్రి నోరు తెరిచాడు, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కాగితం తెమ్మని నాకు చెయ్యి చూపించాడు. నేను లోపలికెళ్లి మేసన్ అని కొట్టి తెచ్చాను. ఆ ముప్ఫై మందిలో ఆయన నిజంగా పాస్ చేసింది ఆ ఒక్కణ్నే. ముప్ఫై అబద్ధాల మీద గబగబా సంతకాలు పెట్టిన మనిషి ఆ ఒక్క నిజం మీద పెట్టలేక, పెన్ను పక్కన పెట్టి, అందరి ముందూ ఏడ్చాడు. నారపల్లి మనిషి తల వంచుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. నేను, సంతకం వంకరపోకుండా, కాగితాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.